చుక్క వెనుక పొట్లం: కార్పాథియన్ పర్వతాల్లో ఒక లైకెన్ రికార్డులు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క జీవి గురించి, ఒకే ఒక్క పర్వత శ్రేణి గురించి మాట్లాడతాను. జీవి పేరు లోబేరియా పల్మొనేరియా. వాడుకలో ఊపిరితిత్తుల లైకెన్ అంటారు. పర్వతాలు కార్పాథియన్లు. చెక్ దేశం తూర్పు అంచు నుంచి స్లొవేకియా, పోలండ్, ఉక్రెయిన్, రొమేనియాల మీదుగా సెర్బియా దాకా దాదాపు 1500 కిలోమీటర్ల పొడవున వంపు తిరిగి సాగే శ్రేణి అది. ఈ జీవికీ ఈ కొండలకూ ఉన్న సంబంధం గురించి మనకు తెలిసిన పాత విషయాల్లో చాలా భాగం కాగితపు పొట్లాల నుంచి వచ్చిందే. నూట యాభై ఏళ్ల క్రితం ఎవరో కొండెక్కారు, చెట్టు బెరడు మీద నుంచి ఒక ముక్క తీశారు, కాగితంలో మడిచారు, మీద రెండు మూడు వరుసలు రాసి పెట్టారు. ఇవాళ ఆ వరుసలు కంప్యూటర్లోకి ఎక్కి మ్యాపు మీద చుక్కలుగా కనిపిస్తున్నాయి. నా మనవి ఒక్కటే. చుక్కను చూసి నిర్ణయానికి రాకండి. పొట్లం దగ్గరికి వెళ్లండి, చీటీ చదవండి, లోపలిది చూడండి. అలా చదివితే ఏం బయటపడుతుందో, చదవకపోతే ఎక్కడ బోల్తా పడతామో చెప్పడానికే వచ్చాను.

లైకెన్ గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. లైకెన్ ఒక్క జీవి కాదు. ఒక శిలీంధ్రం, దానితో కలిసి బతికే శైవలం, రెండూ కలిస్తే లైకెన్. 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది మండిపడ్డారు. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం కిరణజన్య సంయోగక్రియతో తిండి తయారుచేస్తుంది. మన లోబేరియాలో భాగస్వాములు ఇద్దరు కాదు, ముగ్గురు. శిలీంధ్రం, ఆకుపచ్చ శైవలం కాక, లోపల చిన్న చిన్న గుంపులుగా నాస్టాక్ అనే సయనోబాక్టీరియా కూడా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేది అదే. అందుకే ఈ లైకెన్ అడవికి కూడా ఎరువు వేస్తుంది. రాలిన ముక్కలు కుళ్లినప్పుడు ఆ నత్రజని నేలకు చేరుతుంది.

1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. 1796లో హాఫ్‌మన్ దీన్ని లోబేరియా ప్రజాతిలోకి మార్చాడు. అంతకు చాలా ముందు నుంచే యూరప్‌లో దీన్ని ఊపిరితిత్తుల జబ్బులకు మందుగా వాడేవారు. ఊపిరితిత్తిలా కనిపించేది ఊపిరితిత్తికి మేలు చేస్తుందని నమ్మకం. మందు కోసం కోసుకెళ్లినవాళ్లు చీటీలు రాయలేదు. కాబట్టి ఈ జీవి మీద మనిషి చెయ్యి పడిన అతి పాత కాలం మన రికార్డుల్లో అసలు లేదు. మొదటి పొట్లం నాటికే కథ చాలా దూరం నడిచింది. ఈ సంగతి మొదటే మనసులో ఉంచుకోవాలి.

ఇప్పుడు ఒక పొట్లం విప్పుదాం. జిగురుతో అంటించని మందపాటి కాగితం, నాలుగు మడతలు. విప్పగానే ఎండిన తోలు ముక్కలాంటిది కనిపిస్తుంది. అడవిలో తడిగా ఉన్నప్పుడు ఇది కళ్లు చెదిరే ఆకుపచ్చ. ఎండితే బూడిద, గోధుమ రంగుల మధ్యకు వస్తుంది. పొట్లంలో ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగే మిగులుతుంది. పై భాగమంతా గట్లు, గట్ల మధ్య గుంటలు, వల అల్లినట్టు. భూతద్దం పెట్టి గట్ల మీద చూస్తే పిండి రాలినట్టు సన్నని పొడి ఉంటుంది. అవే సొరీడియా. ప్రతి రేణువులోనూ శిలీంధ్రపు పోగులు, శైవల కణాలు కలిసే ఉంటాయి. అది రాలి అనువైన బెరడు మీద పడితే కొత్త లైకెన్ మొదలవుతుంది. ముక్కను తిప్పి చూడండి. అడుగున గోధుమ రంగు నూగు, మధ్యమధ్య నూగు లేని పాలిపోయిన బోడి మచ్చలు. పైనున్న గుంట కింద బోడి మచ్చ, పైనున్న గట్టు కింద నూగు గాడి. ఈ అమరిక ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు.

అయినా పొరపాట్లు జరుగుతాయి. ఎత్తైన కొండల్లో, కార్పాథియన్లలో భాగమైన టాట్రా పర్వతాల్లో, లోబేరియా లినిటా అనే దగ్గరి చుట్టం ఉంది. దానికీ గట్లు, గుంటలు ఉంటాయి, కానీ ఆ పొడి ఉండదు. అందుకే పాత పొట్లం మీద రాసిన పేరును నమ్మే ముందు గట్లను చూడాలి. పేరు మార్చాల్సి వస్తే పాత చీటీ పక్కన కొత్త చీటీ పెట్టి, ఎవరు, ఎప్పుడు మార్చారో రాస్తారు. పాత చీటీని తీసేయకూడదు. దాన్ని చించి పారేసి శుభ్రంగా టైపు చేసిన చీటీ అతికించడం నా దృష్టిలో నేరమే. ఆ చేతిరాతతోనే చాలాసార్లు సేకర్త ఎవరో తెలుస్తుంది. ఆ కాగితం, ఆ సిరా కూడా సాక్ష్యాలే.

ఇక చీటీ. పందొమ్మిదో శతాబ్దపు చీటీ మీద సాధారణంగా నాలుగు సంగతులుంటాయి: ఎక్కడ, ఏ చెట్టు మీద, ఎప్పుడు, ఎవరు. భాష తరచుగా లాటిన్. "అడ్ ట్రుంకోస్ ఫాగి" అని ఉంటే బీచ్ చెట్ల మానుల మీద దొరికిందని. బీచ్ అంటే సముద్రతీరం కాదు, యూరప్ అడవుల్లోని ఒక పెద్ద ఆకురాల్చే చెట్టు. నెలను రోమన్ అంకెల్లో రాసేవారు. కొన్నిటిలో ఎత్తు కూడా ఉంటుంది. గొడవ అక్కడే మొదలవుతుంది.

3000 అడుగుల ఎత్తున దొరికిందని రాసి ఉందనుకోండి. ఏ అడుగులు? ఆస్ట్రియా–హంగరీలో మీటర్ల పద్ధతి తప్పనిసరి అయింది 1876లో. అంతకు ముందు వియన్నా అడుగు వాడుకలో ఉండేది. అది దాదాపు 31.6 సెంటీమీటర్లు. ఇంగ్లిష్ అడుగు 30.48. శాస్త్ర గ్రంథాల్లో పారిస్ అడుగు కూడా తిరిగేది. అది దాదాపు 32.5. కాబట్టి 3000 అడుగులు ఇంగ్లిష్ లెక్కన 914 మీటర్లు, వియన్నా లెక్కన 948, పారిస్ లెక్కన 974. తేడా అరవై మీటర్లు. నిటారు లోయలో అరవై మీటర్లంటే బీచ్ అడవి అయిపోయి సూదాకుల స్ప్రూస్ చెట్ల అడవి మొదలయ్యేంత మార్పు ఉండవచ్చు. ఇప్పుడు వాతావరణం వేడెక్కి జాతులు పైపైకి జరుగుతున్నాయా అని అడిగేవారు ఈ పాత ఎత్తులనే ఆధారం చేసుకుంటారు. అడుగు ఏదో తేల్చకుండా ఆ లెక్క వేస్తే, లైకెన్ కదలకపోయినా మన కాగితం మీద కొండెక్కుతుంది.

ఊళ్ల పేర్లు అంతకంటే పెద్ద చిక్కు. కార్పాథియన్ల చుట్టూ ఉన్న నగరాలనే చూడండి. ల్వీవ్ అని ఇవాళ పిలిచే నగరం జర్మన్ చీటీల్లో లెంబెర్గ్, పోలిష్ చీటీల్లో ల్వూఫ్, సోవియట్ చీటీల్లో ల్వోవ్. ఉజ్‌హొరోద్ హంగరీ వాళ్లకు ఉంగ్వార్. స్లొవేకియాలోని కొషిత్సె ఒకప్పుడు కష్షా, కషావ్ కూడా. ఇవి నగరాలు కాబట్టి తేలిగ్గా తెలుస్తాయి. లైకెన్ సేకర్త రాసేది కొండవాగు పేరో, పశువుల మేత బయలు పేరో. ఆ పేర్లు నేటి మ్యాపుల్లో ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఆదుకునేవి ఆస్ట్రియా సైనిక సర్వే పటాలు. మొదటి సర్వే 1763లో మొదలైంది, రెండోది 1806లో, మూడోది 1869లో. మొదటి రెండింటి కొలత 1:28,800. మూడోది 1:25,000. వాగులు, కొట్టాలు, అడవి అంచులు కూడా వాటిలో గీశారు. ఒక్క చీటీలోని ఒక్క పేరు కోసం ఆ పటాల మీద సాయంత్రం దాకా కూర్చోవాల్సి వచ్చినా ఆ సమయం దండగ కాదు.

కొన్ని చీటీల మీద ప్రాంతం పేరు తప్ప ఏమీ ఉండదు. "గలీసియా" అని ఒక్క మాట. ఆనాటి సేకర్తకు అది ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు సామ్రాజ్యంలోని ఉత్తర కార్పాథియన్ రాష్ట్రం. నేటి కంప్యూటర్‌కు స్పెయిన్‌లోనూ ఒక గలీసియా ఉంది, అక్కడా ఈ లైకెన్ పెరుగుతుంది! యంత్రం ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను ఎవరూ సరిచూడకపోతే చుక్క యూరప్ ఖండం రెండో చివరన పడుతుంది, పైగా అనుమానం రాకుండా పడుతుంది. ప్రపంచ జీవవైవిధ్య సమాచార వేదిక జీబీఐఎఫ్‌లోని రికార్డులు వాడేవారికి ఈ తంటా బాగా తెలుసు. చోటు తెలియని నమూనాను దేశం నడిబొడ్డున పెట్టడం, లేదా హెర్బేరియం, అంటే ఎండిన నమూనాల పొట్లాలు భద్రపరిచే చోటు, ఉన్న భవనం మీదే పెట్టడం కూడా జరుగుతుంటాయి. నగరం మధ్యలో ఊపిరితిత్తుల లైకెన్ చుక్క కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇప్పుడు చెబుతాను. నేటి ఉక్రెయిన్ పశ్చిమ కొసన, కార్పాథియన్ల నైరుతి వాలులో ఒక బీచ్ చెట్టును ఊహించుకోండి. బీచ్ మూడు వందల ఏళ్లు బతకగలదు. ఆ చెట్టు కదలకుండా నిలబడే ఉంది. కానీ 1918 వరకు అది ఆస్ట్రియా–హంగరీలో ఉంది. తర్వాత చెకోస్లొవేకియాలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హంగరీలో, 1945 తర్వాత సోవియట్ యూనియన్‌లో, 1991 నుంచి స్వతంత్ర ఉక్రెయిన్‌లో. పాలన మారిన ప్రతిసారీ అక్కడికి వచ్చే వృక్షశాస్త్రజ్ఞులు మారారు, వాళ్లు మోసుకెళ్లే పొట్లాలు చేరే ఊరూ మారింది. హంగరీ కాలం నాటివి ప్రధానంగా బుడాపెస్ట్‌కు, చెకోస్లొవేకియా కాలం నాటివి ప్రేగ్, బ్రనో నగరాలకు, సోవియట్ కాలం నాటివి కీవ్‌కు. కొండకు ఉత్తరాన పోలిష్ పండితులు సేకరించినవి క్రాకోవ్‌కు, ల్వీవ్‌కు.

దీని ఫలితం చూడండి. ఒక్క ప్రేగ్‌కే వెళ్లి ఆ వాలు రికార్డులన్నీ తీస్తే, లైకెన్ 1920లలో ప్రత్యక్షమై 1938 తర్వాత మాయమైనట్టు కనిపిస్తుంది. ఒక్క కీవ్‌లోనే చూస్తే యుద్ధం తర్వాతే పుట్టినట్టు అనిపిస్తుంది. అది లైకెన్ చరిత్ర కాదు, సరిహద్దుల చరిత్ర. అందుకే కార్పాథియన్ల మీద పనిచేసేవారు ఒక దేశపు హెర్బేరియంతో సరిపెట్టుకోకూడదని నేను గట్టిగా అంటాను. ఐదారు దేశాల అల్మారాలు తెరిస్తే తప్ప ఒక్క లోయ కథ పూర్తికాదు.

ఆ అల్మారాల వెనుక గొప్ప శ్రమ ఉంది. ఫ్రిగ్యెష్ హజ్‌లిన్‌స్కీ అనే ఉపాధ్యాయుడు నేటి స్లొవేకియాలోని ప్రెషోవ్‌లో, అప్పటి ఎపెర్యెష్‌లో, పాఠాలు చెప్పుకుంటూ హంగరీ రాజ్యపు లైకెన్లన్నిటి మీదా 1884లో పుస్తకం వెలువరించాడు. హూగో లొయ్‌కా అదే కాలంలో టాట్రా నుంచి ట్రాన్సిల్వేనియా దాకా కొండలు తిరిగి సేకరించాడు. చెకోస్లొవేకియా కాలంలో బ్రనోకు చెందిన యోసెఫ్ సూజా, సోవియట్ కాలంలో కీవ్‌లో ఆల్ఫ్రెడ్ ఒక్స్‌నర్, మరియా మకరేవిచ్. రోడ్లు లేని రోజుల్లో వీళ్లు వాన నీటిలో నానిన బెరడు ముక్కలను సంచుల్లో మోసుకొచ్చి, ఆరబెట్టి, మడిచి, రాసి పెట్టారు. ఇవాళ మనం తెర మీద నొక్కగానే వచ్చే ప్రతి చుక్కా వాళ్ల నడకే.

అన్నీ మిగల్లేదు కూడా. 1943 మార్చి 1 రాత్రి బెర్లిన్ మీద జరిగిన వైమానిక దాడిలో అక్కడి హెర్బేరియం చాలా భాగం తగలబడిపోయింది. లైకెన్లు కూడా ఆ మంటల్లో పోయాయి. అయితే పందొమ్మిదో శతాబ్దంలో ఒక మంచి ఆచారం ఉండేది. ఒకే చోట సేకరించిన దాన్ని ముక్కలుగా చేసి, ఒకే రకం అచ్చు చీటీలు పెట్టి, పలు హెర్బేరియంలకు పంపేవారు. ఒక నగరంలో కాలినది మరో నగరంలో భద్రంగా ఉండే అవకాశం అలా దక్కింది. కానీ అదే ఆచారం లెక్కలో చిక్కు తెస్తుంది. ఒక రోజు, ఒక చెట్టు, ఒక చెయ్యి, అయినా ఐదు హెర్బేరియంలలో ఐదు రికార్డులు. సేకర్త పేరు, తేదీ, సంఖ్య పోల్చి జంట నమూనాలను ఒక్కటిగా కలపకపోతే, ఉన్నదానికంటే ఐదింతలు సమృద్ధిగా ఉందని మోసపోతాం.

ఇంకొన్ని పక్షపాతాలున్నాయి. సేకర్తలు రైలు స్టేషనుకు, స్పా పట్టణానికి, కొండ విడిదికి దగ్గరగా ఎక్కువ తిరిగారు. పోలండ్‌లో టాట్రా పాదాన ఉన్న విడిది పట్టణం జకొపానె చుట్టూ రికార్డులు దట్టంగా ఉండడం చూసి ఆశ్చర్యపడనక్కర్లేదు. సెలవుల్లోనే తిరిగారు కాబట్టి తేదీలు వేసవిలో గుమిగూడి ఉంటాయి. అంతకంటే సూక్ష్మమైనది మరొకటి. లోబేరియాకు కొన్నిసార్లు ఎర్రటి గోధుమ రంగు గుండ్రని బిళ్లలు వస్తాయి. అవి అపోథీషియా, శిలీంధ్రం లైంగికంగా సిద్ధబీజాలు విడిచే భాగాలు. పాత సేకర్తలకు బిళ్లలున్న ముక్క దొరికితే పండగ. గుర్తుపట్టడానికి అవే ముఖ్యమని వాళ్ల శిక్షణ. నేడు మధ్య యూరప్‌లో చాలాచోట్ల అవి అరుదు. దానికి నిజమైన జీవశాస్త్ర కారణం ఉంది. ఈ శిలీంధ్రానికి జత కట్టే రకాలు రెండు. చిన్న అడవి ముక్కలో ఒకే రకం మిగిలిపోతే బిళ్లలు రావు. కాబట్టి పాత పొట్లాల్లో బిళ్లలు ఎక్కువ, నేటి అడవిలో తక్కువ అన్నది క్షీణతకు ఆనవాలు కావచ్చు. కానీ పాతవాళ్లు ఏరి ఏరి బిళ్లలున్నవే తెచ్చారు కదా! నిష్పత్తి లెక్కలు వేసి శాతాలు ప్రకటించడం ఇక్కడ చెల్లదు. ఫలానా లోయలో ఫలానా ఏట బిళ్లలు ఉండేవి, ఇప్పుడు అదే లోయలో వెతికితే లేవు అన్నంతవరకే చెప్పగలం. ఆ మాత్రమైనా చాలా విలువైన మాట.

ఇటీవలి దశాబ్దాల్లో ఒక తిరకాసు కూడా వచ్చింది. ఈ లైకెన్ చాలా దేశాల్లో రక్షిత జాతి అయింది. బాధ్యత గల పరిశోధకులు ఇప్పుడు ముక్క తియ్యరు. ఫొటో తీసి, చోటు రాసుకుని వదిలేస్తారు. నేనూ అదే సరైనదంటాను. కానీ హెర్బేరియం రికార్డులను దశాబ్దాల వారీగా గీస్తే గీత చివర్లో నిట్టనిలువునా పడిపోతుంది. ఆ పతనంలో కొంత లైకెన్‌ది, కొంత మన మర్యాదది. రెండింటినీ విడదీయాలంటే ఫొటో రికార్డులను, అడవి సర్వేలను పొట్లాల పక్కన పెట్టి చదవాలి.

మరి క్షీణత నిజమేనా? నిజమే. ఇన్ని జాగ్రత్తలు చెప్పి దాన్ని తేలిక చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నిజమని నిలబెట్టే పద్ధతులున్నాయి. మొదటిది, పాత చీటీలోని చోటికే తిరిగి వెళ్లడం. రెండోది, అదే సేకర్త అదే రోజు ఇంకేం తెచ్చాడో చూడడం. ఊపిరితిత్తుల లైకెన్ ఒంటరిగా ఉండదు. నెఫ్రోమాలు, స్టిక్టాలు, లెప్టోజియమ్‌లు అనే ఇతర లైకెన్లు, పాత అడవి నాచులు దాని తోడు. ఈ సమూహానికే లోబేరియన్ అని పేరుంది. ఒక లోయ నుంచి ఒక నిపుణుడు తోడు జాతులన్నీ తెచ్చి, ఎవరి కంటికైనా ఆనే ఈ పెద్ద లైకెన్‌ను మాత్రం తేలేదంటే, అది అక్కడ అప్పటికే లేదని అనుకోవడానికి బలం వస్తుంది. జానెడు వెడల్పు దాటి పెరిగే ఈ జీవిని ఆయన చూడకుండా పోయే అవకాశం తక్కువ. లేకపోవడాన్ని కూడా అలా పొట్లాల నుంచే చదవవచ్చు. నాకు హెర్బేరియం పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

కారణాలకు వస్తే గాలి, అడవి. 1866లోనే విలియం నైలాండర్ పారిస్‌లోని లగ్జంబర్గ్ తోటలో లైకెన్లు గాలి బాగోగులు చెబుతాయని రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ ఇంగ్లండ్, వేల్స్ కోసం లైకెన్లను బట్టి గాలి ఎంత శుభ్రమో చెప్పే మెట్లు సున్నా నుంచి పది దాకా గీసినప్పుడు లోబేరియా పల్మొనేరియాకు స్వచ్ఛమైన గాలి ఉండే చివరనే చోటు దొరికింది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ నాస్టాక్‌నూ శైవలాన్నీ నేరుగా దెబ్బతీస్తుంది, బెరడును ఆమ్లంగా మారుస్తుంది. పోలండ్–చెక్ సరిహద్దు ప్రాంతంలోని సిలేసియా, ఒస్త్రావా పరిశ్రమల పొగ కార్పాథియన్లలో భాగమైన పశ్చిమ బెస్కిడ్ కొండల మీదకే వచ్చేది. 1990 తర్వాత ఆ వాయువు గణనీయంగా తగ్గింది.

గాలి బాగుపడితే లైకెన్ తిరిగి రావాలి కదా అని అడుగుతారు. త్వరగా రాదు. ఇది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. సొరీడియా చాలావరకు పుట్టిన చెట్టు చుట్టుపక్కలే పడతాయి. ఒక తరం ఎదగడానికి దశాబ్దాలు కావాలి. పైగా పంతొమ్మిదో శతాబ్దం నుంచి బీచ్, ఫర్ అడవులు కొట్టి స్ప్రూస్ తోటలు వేసిన వాలుల మీద దిగడానికి దానికి తగిన బెరడే లేదు. స్ప్రూస్ బెరడు ఆమ్ల గుణం గలది. చీటీల మీద చెట్టు పేరు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. ఒక లోయలో పాత చీటీలన్నీ బీచ్, సికమోర్ మేపుల్, ఫర్ అని చెబుతూ, నేడు అక్కడ నిలువెల్లా స్ప్రూసే ఉందనుకోండి. అప్పుడు కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. దీనికి ఇంకో కొస కూడా ఉంది. అడవి చెడిపోయాక కూడా మిగిలిన ఒక్క ముసలి మేపుల్ మీద లైకెన్ ముప్పై, నలభై ఏళ్లు వేలాడుతూ ఉండవచ్చు. ఆ కాలపు పొట్లం దొరికితే అది అప్పటి అడవి ఆరోగ్యాన్ని కాదు, దానికి ముందు తరం అడవిని చూపిస్తోంది.

పొట్లంలో లైకెన్ ఒక్కటే ఉండదు. అంటుకుని వచ్చిన బెరడు ముక్క చెట్టు ఏదో చెబుతుంది, చీటీ మీద రాయకపోయినా సరే. నాచు పోగులుంటాయి. ఒక్కోసారి లైకెన్ పైభాగాన నల్లటి చిన్న బొడిపెలు కనిపిస్తాయి. అది ప్లెక్టొకార్పన్ లైకెనమ్ అనే పరాన్నజీవి శిలీంధ్రం. ఈ లైకెన్ మీద బతికేది. సేకర్త దాన్ని గమనించి ఉండకపోవచ్చు, దాని పేరు చీటీ మీద ఉండదు. లోబేరియా అరుదైతే దాని మీద బతికేది ఇంకా అరుదవుతుంది కదా. కాబట్టి ఆ జీవి చరిత్ర వేరే పేరున్న పొట్లాల్లో, ఎవరూ నమోదు చేయని రూపంలో దాగి ఉంది. చీటీ ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించినంత మాత్రాన హెర్బేరియం డిజిటల్ అయిపోయిందని సంతోషించేవారికి ఈ బొడిపెలను చూపించాలి.

రసాయన పరీక్షలకూ డీఎన్ఏ పరీక్షలకూ కూడా పాత ముక్కలు పనికొస్తాయి. వందేళ్లు దాటిన లైకెన్ల నుంచి కూడా శిలీంధ్రపు డీఎన్ఏ తీయగలుగుతున్నారు. లైకెన్లకు వేళ్లు లేవు, గాలి నుంచీ వాన నుంచీ వచ్చిందే తీసుకుంటాయి. కనుక ఆనాటి గాలిలోని సీసం వంటి లోహాల జాడ వాటిలో ఉంటుంది. ఇక్కడొక హెచ్చరిక. పురుగు పట్టకుండా పూర్వం కొన్ని హెర్బేరియంలలో పాదరస లవణాలు పూసేవారు. అలాంటి ముక్కలో పాదరసం కొలిచి ఆనాటి గాలిని నిందించడం అన్యాయం. చేత్తో ముట్టుకునేవారికి అది ప్రమాదం కూడా. నేడు విషం లేకుండా పొట్లాలను లోతైన చలిపెట్టెలో గడ్డకట్టించి పురుగును చంపుతున్నారు. ఏ పరీక్షకైనా ముక్కలో కొంత నాశనమవుతుంది. ఎంత తీశారో, ఎందుకు తీశారో పొట్లంలో చీటీ పెట్టాలి. 1880 నాటి ముక్క అయిపోతే మళ్లీ 1880కి వెళ్లి తెచ్చుకోలేం.

ఇప్పటికీ ఈ లైకెన్ నిండుగా ఉన్న చోట్లున్నాయి. ఉక్రెయిన్ కార్పాథియన్ జీవావరణ రిజర్వులోని ఉహోల్కా–షిరొకీ లూహ్ యూరప్‌లోకెల్లా పెద్ద ఆదిమ బీచ్ అడవి. స్లొవేకియాలోని స్తుజిత్సా, హవెషొవా వంటి అడవులతో కలిపి 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత చీటీల్లో "బీచ్ మానుల మీద సమృద్ధిగా" అని రాసిన మాటకు అర్థం తెలియాలంటే అలాంటి అడవిని చూడాలి. మనిషి నడుము ఎత్తు నుంచి పైకొమ్మల దాకా మాను చుట్టూ అదే. పొగలో, స్ప్రూస్ తోటల్లో పనిచేసి అలవాటైన కంటికి ఆ "సమృద్ధి" అన్న మాట అతిశయోక్తిగా తోస్తుంది. అది ఆనాటి మామూలు మాట.

చివరగా, మీలో అడవికి వెళ్లి రికార్డు చేసే యువకులకు ఒక పని అప్పగిస్తాను. మీరు రాసేది కూడా నూరేళ్ల తర్వాత ఎవరో చదివే చీటీయే. అక్షాంశ రేఖాంశాలు రాసి, అవి ఎన్ని మీటర్ల అటూ ఇటూ కావచ్చో కూడా రాయండి. చెట్టు జాతి, చుట్టుకొలత, లైకెన్ ఏ ఎత్తున ఉంది, ఏ దిక్కుకు ఉంది, పొడి ఉందా, బిళ్లలున్నాయా రాయండి. రక్షిత జాతిని తెంపకండి. ఫొటోలో గట్లూ అడుగుభాగమూ రెండూ కనపడాలి. అడుగుభాగం కోసం అంచును మెల్లగా ఎత్తితే చాలు. పాత చీటీ పట్టుకుని ఒక లోయకు వెళ్లి రోజంతా వెతికినా దొరకలేదనుకోండి, ఖాళీ చేతులతో వచ్చామని నోటుపుస్తకం మూసేయకండి. ఎంతసేపు వెతికారు, ఎన్ని చెట్లు చూశారు, ఏ తోడు జాతులు కనిపించాయి అన్నీ రాసి, తేదీ వేసి, పాత పొట్లం సంఖ్యను పక్కన ఉటంకించి, అది ఉన్న హెర్బేరియంకే ఒక ప్రతి పంపండి. ఆ పొట్లంలోనే దాన్ని పెట్టమని అడగండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.